ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు: చరిత్రతో రాత నేర్పిన 14 వారాలు

మొదటి రోజు ఇచ్చిన పని చాలా చిన్నది. కిందటేడు చదివిన చరిత్ర పాఠాల్లో మీకు బాగా గుర్తున్న సంఘటన ఒకటి తీసుకుని ఒక పేజీ రాయండి అన్నాను. ఏడో తరగతి, 36 మంది, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదివితే చాలావరకు ఒకే మనిషి రాసినట్టున్నాయి. "చరిత్ర మనకు ఎన్నో విషయాలు నేర్పుతుంది." "ఆయన త్యాగం చిరస్మరణీయం." "కాబట్టి మనమందరం ఆయన అడుగుజాడల్లో నడవాలి." అక్షర దోషాలు మరీ ఎక్కువేం లేవు, వాక్యాలు కూడా సరిగానే ఉన్నాయి. కానీ ఎవరు ఏం చేశారు, ఆ రోజు అక్కడ ఏం జరిగింది, ఎందుకు జరిగింది అనేది దాదాపు ఏ కాగితంలోనూ లేదు. పేరు కొట్టేసి ఇంకో మహనీయుడి పేరు పెడితే అదే వ్యాసం ఆయనకూ అతికినట్టు సరిపోతుంది.

వీళ్లకి భాష రాదంటే నేను ఒప్పుకోను. ఇంటర్వెల్‌లో జరిగిన గొడవ గురించి ఇదే పిల్లలు చెబుతుంటే వినాలి. ఎవడు ముందు తోశాడు, పక్కనున్న వాళ్లెవరు, అక్కడ లేనివాడు ఇప్పుడొచ్చి సాక్ష్యం ఎందుకు చెబుతున్నాడు, అన్నీ వరసగా, సూటిగా, ఎదుటివాడు తప్పించుకోలేనంత గట్టిగా చెబుతారు. గొడవ విషయంలో వాళ్ల దగ్గర సరుకు ఉంది, వినేవాళ్లు ఉన్నారు, ఒప్పించాల్సిన అవసరం ఉంది. వ్యాసం రాయమన్నప్పుడు ఈ మూడూ ఉండవు. అందుకే గైడులో చదివిన వాక్యాలు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటాయి.

అప్పుడే నేనూ సోషల్ టీచరూ కూర్చుని మాట్లాడుకున్నాం. వారానికి నా పీరియడ్లు రెండు, ఆవిడది ఒకటి కలిపి 14 వారాలు ఒక ప్రయత్నం చేద్దామనుకున్నాం. చరిత్ర సరుకు ఇస్తుంది. రకరకాల మనుషులు రాసిన సాహిత్యం ఆ సరుకుని ఏ వైపు నుంచి చూడొచ్చో చూపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే పిల్లల రాత మారుతుందా లేదా చూడాలి. వ్యాకరణం పాఠాలు విడిగా పెట్టలేదు. వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే చట్రం కూడా పక్కన పెట్టేశాం.

పాఠాలు ఎంచుకోవడానికి రెండే నియమాలు పెట్టుకున్నాం. వారానికి పేజీ మించి చదివించకూడదు. రాసినవాళ్లు ఆ సంఘటనలో స్వయంగా ఉన్నవాళ్లయినా అయ్యుండాలి, లేదా మామూలుగా పాఠ్యపుస్తకంలో మాట వినపడనివాళ్లయినా అయ్యుండాలి. వేరే భాషల్లో ఉన్నవాటిని నేనే తేలిక తెలుగులోకి తిరగరాశాను. ఇది చాలా టైం తిన్న పని, ముందే చెబుతున్నాను. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే సెలవుల్లోనే ఈ పేజీలు తయారుచేసుకోండి, మధ్యలో కుదరదు.

అగ్నిపర్వతం ముందు 17 ఏళ్ల కుర్రాడు

మొదటి నాలుగు వారాలు పాంపే మీద గడిపాం. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఆ పట్టణం బూడిద కింద పూడిపోయింది. పుస్తకాల్లో ఇది రెండు లైన్ల సంగతి. కానీ దాన్ని అఖాతం అవతల నుంచి కళ్లారా చూసినవాడు ఒకడున్నాడు, ప్లినీ. అప్పటికి అతనికి 17 ఏళ్లు. మిసెనం అనే చోట తల్లితో, మేనమామతో ఉన్నాడు. మేనమామ నౌకాదళానికి అధికారి, జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని అటు వెళ్లి తిరిగి రాలేదు. చాలా ఏళ్ల తర్వాత చరిత్రకారుడు టాసిటస్ అడిగితే ప్లినీ ఇదంతా రెండు ఉత్తరాల్లో రాశాడు.

పిల్లలకి ఆ ఉత్తరాల్లో పట్టుకున్నది పెద్ద విషయాలు కాదు. కొండ మీద లేచిన మేఘం ఎలా ఉందంటే, పొడుగ్గా కాండం లేచి పైన కొమ్మలు విచ్చుకున్న చెట్టులా ఉందన్నాడు. ఆ పోలిక చదవగానే ఒకడు డెస్కు మీదే బొమ్మ గీసేశాడు. ఇంకోటి, మేనమామ వెళ్లిపోయాక ఇక్కడ భూమి కదులుతుంటే ఈ కుర్రాడు పుస్తకం ముందేసుకుని నోట్సు రాసుకుంటూ కూర్చున్నాడు. దాన్ని ధైర్యం అనాలో తెలివితక్కువతనం అనాలో తనకే తెలియదని కూడా రాసుకున్నాడు. క్లాసు రెండుగా చీలిపోయింది. ధైర్యమే అని కొందరు, కాదు భయంతో కాళ్లు కదల్లేదని ఇంకొందరు. అలా అరుచుకుంటున్నప్పుడు ఆపి, సరే, ఇప్పుడు మీరు అన్నది ఉత్తరంలోంచి చూపించి మూడు వాక్యాల్లో రాయండి అన్నాను. మొదటిసారి క్లాసు నిశ్శబ్దంగా రాసింది.

వాక్యాల మీద చేసిన కసరత్తు ఒకటుంది, ఇది మొత్తం 14 వారాలూ నడిచింది. ఒక సగం వాక్యం బోర్డు మీద రాసి మూడు రకాలుగా పూర్తి చేయమనేదాన్ని. "ప్లినీ తల్లిని వదిలి పారిపోలేదు, ఎందుకంటే...", "ప్లినీ తల్లిని వదిలి పారిపోలేదు, కానీ...", "ప్లినీ తల్లిని వదిలి పారిపోలేదు, అందుకని...". ఎందుకంటే అనేది ఎవరైనా పూర్తి చేస్తారు. "ఎందుకంటే తల్లి మీద ప్రేమ ఉంది" అంటారు, ఉత్తరం చదవకపోయినా ఆ మాట అనొచ్చు. కానీ అన్న దగ్గర ఇరుక్కుపోయారు. మొదటి రోజు "కానీ అతను మంచివాడు" లాంటివి వచ్చాయి. మళ్లీ ఉత్తరంలోకి వెళ్లండి అన్నాను. వెళ్లాక ఒక అమ్మాయి రాసింది: "ప్లినీ తల్లిని వదిలి పారిపోలేదు, కానీ ఆమే నన్ను వదిలేసి వెళ్లిపో అని బతిమాలింది." అది సరైన కానీ. తల్లి తను పెద్దదాన్ని, బరువుగా ఉన్నాను, నా వల్ల నువ్వు ఆగిపోకూడదు అంటుంది, అతను చేయి పట్టుకుని నడిపిస్తాడు. ఆ ఒక్క ముక్క వాక్యంలోకి రావాలంటే చదవక తప్పదు. చదివిందీ లేనిదీ కానీ దగ్గర తేలిపోతుంది, అది నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఉపయోగపడిన సంగతి.

తర్వాత తేదీ సంగతి తీశాం. ప్లినీ ఉత్తరం ప్రకారం పేలుడు ఆగస్టు 24న జరిగిందని చాలాకాలం నుంచి చెబుతూ వచ్చారు. కానీ అతను స్వయంగా రాసిన కాగితం ఇప్పుడు లేదు, మనకి అందినవి చేత్తో తిరగరాసిన ప్రతులే. 2018లో పాంపే తవ్వకాల్లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ కనపడింది, అది అక్టోబరు 17. ఈ రెండూ పిల్లల ముందు పెట్టి ఏది నమ్ముతారో తేల్చుకోమన్నాను. ఇక్కడే మేం "మాట, సాక్ష్యం, లంకె" అనే పద్ధతి మొదలుపెట్టాం. నువ్వు అనేది మాట. దానికి చూపించేది సాక్ష్యం. ఆ సాక్ష్యం నీ మాటని ఎలా నిలబెడుతుందో చెప్పేది లంకె. పిల్లలకి మొదటి రెండూ వెంటనే వచ్చేశాయి, లంకె దగ్గరే అందరూ జారిపోతారు, సాక్ష్యం చెప్పేసి "కాబట్టి ఇది నిజం" అని ఊరుకుంటారు. నాలుగో వారంలో ఒక అబ్బాయి రాసిన పేరా ఇది, అక్షర దోషాలు మాత్రం సరిచేశాను:

"పేలుడు అక్టోబరులో జరిగిందని నేను అనుకుంటున్నాను. గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ అక్టోబరు 17. బొగ్గు రాత చేయి తగిలితే పోతుంది, ఎక్కువ రోజులు ఉండదు. అది చెరిగిపోలేదంటే రాసిన కొద్ది రోజులకే బూడిద వచ్చి కప్పేసి ఉండాలి."

ఆ మూడో వాక్యమూ నాలుగో వాక్యమూ నేను నేర్పలేదు. తవ్వకాలు చేసినవాళ్లు కూడా అదే తర్కం చెప్పారని నేను తర్వాత చెబితే వాడి మొహం చూడాలి. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, ఆ గోడ మీద ఏ సంవత్సరమో లేదు కదా టీచర్, అది ముందు ఏడాది అక్టోబరు కావచ్చు కదా అంది. నిజమే, సంవత్సరం లేదు. వాడు ఆ పేరాని మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది, ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు కలిపి. ఎదురు ప్రశ్నకి జవాబు రాయడం అనేది నేను పదో తరగతి వాళ్లకి కూడా నేర్పలేకపోయిన విషయం, ఇక్కడ దానంతట అదే వచ్చింది.

నేను చేసిన తప్పు

అయిదో వారం ఫ్రెడరిక్ డగ్లస్ దగ్గరికి వచ్చాం. అమెరికాలో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని, 1845లో తన జీవితం తనే రాసుకున్నవాడు. చిన్నప్పుడు యజమానురాలు అక్షరాలు చెప్పడం మొదలుపెడితే ఆమె భర్త ఆపించాడు, చదువొస్తే బానిసగా పనికిరాడని. ఆ మాట విన్నాకే చదువు ఎంత విలువైందో ఆ పిల్లవాడికి అర్థమైంది. తర్వాత వీధిలో పేద తెల్లపిల్లలకి రొట్టె ఇచ్చి వాళ్ల దగ్గర చదవడం నేర్చుకున్నాడు.

క్లాసంతా కదిలిపోయి ఉంది. ఆ ఊపులో నేను ఇచ్చిన పని ఏంటంటే, "నువ్వు ఒక బానిసవి అనుకో. నీ ఒక రోజు గురించి డైరీ రాయి." టీచర్లందరం ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటిది ఇచ్చేవుంటాం. ఊహాశక్తి పెరుగుతుందని, సానుభూతి కలుగుతుందని అనుకుంటాం.

వచ్చిన కాగితాలు చదివి నాకు నిద్ర పట్టలేదు. కొరడా దెబ్బలు, కన్నీళ్లు, చివర్లో యజమానిని చితక్కొట్టి పారిపోవడం. సినిమా ఫైటు. ప్లినీ మీద అంత జాగ్రత్తగా సాక్ష్యం చూపించిన పిల్లలే ఇక్కడ నోటికొచ్చింది రాశారు, ఎందుకంటే నేను అడిగింది అలాంటిది. వాళ్లకి తెలియని నొప్పిని తెలిసినట్టు రాయమన్నాను. సాక్ష్యం చూపించే అవసరమే లేని పని ఇచ్చాను. ఒక అబ్బాయి మాత్రం తెల్లకాగితం ఇచ్చాడు. పక్కకి పిలిచి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "ఆయనకి నిజంగా జరిగింది కదా టీచర్, నేను ఊరికే కథ కట్టాలంటే బాగోలేదు" అన్నాడు. ఆ వారం వచ్చిన కాగితాలన్నిటిలో సరైన జవాబు ఆ తెల్లకాగితమే.

మర్నాడు క్లాసులో, ఆ పని తప్పు, తప్పు నాది, మార్కులు వేయను అని చెప్పి కాగితాలు తిరిగి ఇచ్చేశాను. దాని బదులు ఇంకో ప్రశ్న పెట్టాను: ఆయన మనకి ఏం చెప్పలేదు? ఎందుకు చెప్పలేదు?

ఇది పిల్లలకి కొత్తగా అనిపించింది. డగ్లస్ 1845 నాటి పుస్తకంలో తను ఎలా తప్పించుకున్నాడో చెప్పలేదు. చెబితే సాయం చేసినవాళ్లు దొరికిపోతారు, వెనకొచ్చేవాళ్లకి ఆ దారి మూసుకుపోతుంది. బానిసత్వం రద్దయిన చాలా ఏళ్లకి, 1881లో వచ్చిన తన ఇంకో ఆత్మకథలో వివరంగా రాశాడు, నావికుడి వేషం వేసుకుని, ఒక నావికుడి గుర్తింపు కాగితాలు అరువు తీసుకుని రైలెక్కానని. పిల్లలు పేజీ మళ్లీ చదివి ఇంకోటి కూడా కనిపెట్టారు. చదువు చెప్పిన వీధి పిల్లల పేర్లు కూడా ఆయన రాయలేదు. వాళ్లకి ఇబ్బంది అవుతుందని. రొట్టె ఇచ్చి నేర్చుకున్న చదువుకి కృతజ్ఞత చెప్పాలని ఉంది, పేరు చెబితే వాళ్లకే చేటు. ఆ తెల్లకాగితం అబ్బాయి దీని మీద రాసిన పేరా మొదటి వాక్యం: "పేరు రాయకపోవడం కూడా వాళ్లని కాపాడటమే."

అప్పటి నుంచి ఏ పాఠం చదివినా పిల్లలు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసుకునేవాళ్లు. చెప్పినవి, చెప్పనివి, నేను అడగాలనుకున్నవి. మూడో గడి నిండితే రాయడానికి సరుకు ఉన్నట్టే. "నువ్వు ఫలానా మనిషివి అనుకో" అనే పని మాత్రం నేను మళ్లీ ఎప్పుడూ ఇవ్వను.

14 ఏళ్ల అమ్మాయి వాదన

ముక్తా సాల్వే గురించి మా పిల్లలెవరూ వినలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆలస్యంగానే విన్నాను. పుణెలో ఫూలే దంపతులు నడిపిన బడిలో చదువుకున్న మాంగ్ కులం అమ్మాయి. ఇంచుమించు 14 ఏళ్ల వయసులో అంటరానివాళ్లుగా చూసిన మాంగులు, మహర్లు అనే రెండు కులాల బాధల గురించి మరాఠీలో ఒక వ్యాసం రాసింది. 1855లో అది జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. నా క్లాసులో కూర్చున్న పిల్లలకన్నా ఒకటి రెండేళ్లే పెద్దది. ఆ వయసు చెప్పగానే క్లాసు మొత్తం ముందుకి వంగింది.

కులం గురించి క్లాసులో మాట్లాడేముందు మేం ఇద్దరు టీచర్లం కొన్ని విషయాలు తేల్చుకున్నాం. ఏ పిల్లనీ, పిల్లవాడినీ మీ ఇంట్లో ఎలా ఉంటుందని అడగకూడదు. మాట్లాడేది ఆ వ్యాసం గురించే, పక్కన కూర్చున్నవాళ్ల గురించి కాదు. ఎవరైనా తమంతట తాము చెబితే వినాలి, అడగకూడదు. ఈ మూడూ పిల్లలకి కూడా ముందే చెప్పాం. టెన్షన్ లేకుండా ఆ మూడు వారాలు నడిచాయంటే దీనివల్లే.

నేను ఆ వ్యాసాన్ని బాధ కోసం చదివించలేదు. వాదన కోసం చదివించాను. ఆ అమ్మాయి ఎదుటివాళ్ల మాటనే తీసుకుంటుంది. వేదాలు మా సొత్తు, మీరు చూడటానికే వీల్లేదు అంటున్నారు కదా. అదే నిజమైతే మాకు మతగ్రంథం లేనట్టే. గ్రంథం లేకపోతే మతం కూడా లేనట్టే. మరి మా మతమేదో దేవుడే చెప్పాలి, అని అడుగుతుంది. ఎక్కడా తిట్టదు. ఎదుటివాళ్లు వేసిన మెట్టు మీదే కాలు పెట్టి, వాళ్లు ఊహించని చోటికి తీసుకెళ్తుంది. బోర్డు మీద ఆ మెట్లు విడివిడిగా గీసి చూపించాను.

తర్వాత పిల్లలకి ఇచ్చిన వాక్యం: "మీరు అంటున్నదే నిజమైతే..." దీనితో మొదలుపెట్టి మూడు మెట్లు కట్టాలి. ఎదుటివాళ్ల మాటని ఎగతాళిగా మార్చకూడదు, వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి. ఈ షరతు లేకపోతే వాదన కాస్తా వెక్కిరింత అవుతుంది, మొదటి ప్రయత్నంలో అదే జరిగింది.

నలుగురమ్మాయిలు కలిసి బడి మైదానం గురించి రాశారు. "మైదానం అందరిదీ అని మీరు అంటున్నదే నిజమైతే ఆటల పీరియడ్‌లో అందులో అందరూ కనపడాలి. మేం రెండు వారాలు లెక్క రాసుకున్నాం. అమ్మాయిలు ఆడినది ఒక్కరోజు, అది కూడా అబ్బాయిలు వేరే చోటికి వెళ్లినప్పుడు. అయితే మైదానం అందరిదీ అయినా కాకుండా ఉండాలి, లేదా మేం అందరిలో లేకుండా ఉండాలి." ఇది నేను దిద్దలేదు, దిద్దడానికి ఏమీ లేదు. ప్రధానోపాధ్యాయుడికి ఉత్తరంగా ఇచ్చాం. వారానికి రెండు పీరియడ్లు వాళ్లకి కేటాయించారు. రాస్తే పని జరుగుతుందని చూసిన పిల్లలకి ఇంక రాయమని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మిగతా గుంపులన్నీ ఎవరికి ఏం ఉత్తరం రాయాలా అని వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

తిరగరాయడం

నా 36 మందిలో దాదాపు ఎవరికీ తిరగరాయడం ఇష్టం లేదు. తిరగరాయమంటే శిక్ష అనుకుంటారు. తప్పు రాసినవాడే మళ్లీ రాస్తాడని వాళ్ల నమ్మకం, ఆ నమ్మకం మనమే కలిగించాం, తప్పు రాసిన మాటని పదిసార్లు రాయించి.

దీనికి ఆన్ ఫ్రాంక్ సాయం చేసింది, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి దాక్కుని బతికిన యూదు అమ్మాయి. ఆమె డైరీ సంగతి కొందరికి తెలుసు. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజున ఆ నోట్‌బుక్ ఆమె చేతికొచ్చింది, తర్వాత నెలలోనే కుటుంబమంతా అజ్ఞాతంలోకి వెళ్లింది. ఆ డైరీని ఆమే తిరగరాసిందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. 1944 మార్చిలో, లండన్ నుంచి వచ్చే రేడియోలో డచ్ మంత్రి ఒకాయన, యుద్ధకాలంలో మామూలు జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు దాచుకోండి, తర్వాత కావాలి అన్నాడు. అది విన్నాక ఆన్ తన డైరీని పుస్తకంగా తెద్దామనుకుని, మే నెల నుంచి విడి కాగితాల మీద మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది, మనుషులకి మారుపేర్లు ఆలోచించింది. ఆగస్టు 4న పట్టుబడేవరకు ఆ పని సాగింది. దాక్కుని బతుకుతూ, 14 ఏళ్లు నిండి 15లోకి వస్తున్న వయసులో.

ఎందుకు తిరగరాసింది అని అడిగితే మొదట "తప్పులున్నాయేమో" అన్నారు. కాసేపయ్యాక ఒక పిల్ల, "ముందు తన కోసం రాసుకుంది, ఇప్పుడు మనం చదువుతామని రాసింది" అంది. నేను వారం రోజులు చెప్పినా అంత బాగా చెప్పలేను. చదివేవాళ్లు మారితే రాత మారాలి, తిరగరాయడం అంటే అదే.

ఆ రోజు మొదటి వారం కాగితాలు బయటికి తీసి పంచాను. ఎవరి పేజీ వాళ్లు చదువుకున్నారు. కొందరు నవ్వారు, కొందరు దాచేసుకున్నారు. అదే సంఘటన మీద మళ్లీ రాయమన్నాను, కానీ ఈసారి అక్కడ ఉన్న ఒక్క మనిషి చూసినదాన్ని మాత్రం ఆధారంగా తీసుకుని. మొదటి వారంలో "ఉప్పు సత్యాగ్రహం దేశ స్వాతంత్ర్య పోరాటంలో మహోన్నత ఘట్టం" అని రాసినవాడు, 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయల్దేరిన ఆ నడక దండి చేరడానికి 24 రోజులు ఎందుకు పట్టింది, నడక బదులు రైల్లో వెళ్లి ఉంటే ఏం పోయేది అనే ప్రశ్నతో మొదలుపెట్టాడు. దారిలో ప్రతి ఊళ్లో జనం చూడాలంటే నడవాల్సిందే అని లంకె కట్టాడు. అదే పిల్లవాడు, అదే సంఘటన.

దిద్దే పద్ధతి కూడా ఇక్కడే మార్చాను. ఇంతకుముందు ఎర్ర పెన్నుతో ఒత్తులు, దీర్ఘాలు, ణ-న తేడాలు అన్నీ ఒకేసారి దిద్దేదాన్ని. పిల్లలు ఆ ఎరుపు చూసి కాగితం మడిచేసేవాళ్లు, చదివేవాళ్లు కాదు. ఇప్పుడు ఒక్కో ప్రతికి ఒక్కటే చూస్తాను. మొదటి ప్రతిలో మాట స్పష్టంగా ఉందా, రెండో దాంట్లో లంకె ఉందా, ఆఖరి ప్రతిలోనే అక్షర దోషాలు. మార్జిన్‌లో దిద్దుబాటు బదులు ప్రశ్న రాస్తాను: "ఇది నీకెలా తెలుసు?", "అప్పుడు పక్కన ఎవరున్నారు?" నాకు పని తగ్గింది, వాళ్లకి పెరిగింది.

వెళ్లలేని చోటికి కబురు

ఆఖరి మూడు వారాలు జాషువా గబ్బిలం. 1941లో వచ్చిన ఈ కావ్యం నిర్మాణం పిల్లలకి చెప్పడానికి ముందు కాళిదాసు మేఘదూతం రెండు మాటల్లో చెప్పాను. భార్యకి దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా ఆ పద్ధతినే తీసుకుని, గుడిలోకి రానివ్వని దళితుడి చేత కాశీలో శివుడికి కబురు పంపిస్తాడు, గబ్బిలంతో. గబ్బిలమే ఎందుకు అన్నదే ఆ వారం ప్రశ్న. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టి. దూతని ఎంచుకోవడంలోనే మొత్తం వాదన ఉంది. పద్యాలు కొన్నే చదివాం, ప్రతి మాటకీ అర్థం చెప్పి విసిగించలేదు, గట్టిగా చదివి వినిపించాను, అర్థం కాని చోట వాళ్లే ఆపి అడిగారు.

పని: నిన్ను రానివ్వని చోటు ఒకటి చెప్పు. అక్కడికి వెళ్లగలిగేది ఏది? దాంతో కబురు పంపు. ఇక్కడ వేరే మనిషి బాధ ఊహించే పని లేదు, ఎవరి గుమ్మం వాళ్లదే.

ఒక అమ్మాయి అమ్మమ్మ ఐసీయూలో ఉన్న రోజుల గురించి రాసింది. "నన్ను తలుపు దగ్గరే ఆపేశారు, చిన్నపిల్లలు రాకూడదని. సెలైన్ చుక్కా, నిన్ను ఎవరూ ఆపలేదు. నువ్వు నేరుగా అమ్మమ్మ చేతిలోకే వెళ్తావు. మెల్లగా వెళ్లు, ఆవిడకి సూది అంటే భయం. వెళ్లాక నేను బయట కుర్చీలోనే ఉన్నానని చెప్పు." చదివి వినిపించాక కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఒక అబ్బాయి అడిగాడు, ఆసుపత్రి తలుపూ గుడి తలుపూ ఒకటేనా టీచర్ అని. మంచి ప్రశ్న, నేను ఎత్తాల్సింది వాడే ఎత్తాడు. అమ్మమ్మకి నయమయ్యాక ఆ తలుపు తెరుచుకుంటుంది, ఆ నియమం పిల్లలందరికీ ఒకటే. జాషువా చెప్పిన తలుపు ఆ మనిషి పుట్టుక చూసి మూసింది. ఆ తేడాని పిల్లలు తమ కబురు కింద ఒక పేరాగా రాశారు. ఆ పేరా లేకపోతే ఈ పని ఇవ్వకూడదు, లేదంటే అన్ని తలుపులూ ఒకటే అయిపోతాయి.

ఏం మారింది, ఏం మారలేదు

మొదటి వారం పేజీనీ ఆఖరి వారం పేజీనీ పక్కపక్కన పెట్టి చూశాను. మనుషులు, చోట్లు, తేదీలు పేర్లతో వచ్చాయి. "కాబట్టి మనమందరం" అనే ముగింపు నాలుగైదు కాగితాల్లో తప్ప కనపడలేదు. చాలామంది కనీసం ఒక్క లంకె అయినా సరిగా కట్టారు. ఎదుటి వాదనని రాసి జవాబు చెప్పినవాళ్లు మాత్రం క్లాసులో మూడో వంతు కూడా లేరు.

అక్షర దోషాలు తగ్గలేదు. నిజానికి కొందరికి పెరిగాయి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువ రాస్తున్నారు, గైడులో చూడని మాటలు వాడుతున్నారు. ఇద్దరు తల్లిదండ్రులు నోట్‌బుక్ పట్టుకొచ్చి ఇన్ని తప్పులు దిద్దకుండా వదిలేశారేంటని అడిగారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమైంది, మూడు ప్రతులూ వరసగా చూపించి వివరించాను. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు.

ముగ్గురు పిల్లలు 14 వారాలూ దాదాపు ఏమీ రాయలేదు. వాళ్లలో ఇద్దరికి పేజీ చదవడమే కష్టం, రాయడం తర్వాత సంగతి. నేను ఆ సంగతి ఎనిమిదో వారానికి గానీ గమనించలేదు, అది నా లోపం. ఒక్కరికి మాత్రం నోటితో చెప్పించి నేను రాసి, దాన్ని తననే తిరగరాయమంటే కొంచెం కదిలింది. మిగతా ఇద్దరితో ఇప్పుడు విడిగా చదివించే పని నడుస్తోంది.

సిలబస్ విషయంలో కూడా దాపరికం అక్కర్లేదు. రెండు పాఠాలు వెనకబడ్డాం. వాటిని చివర్లో హడావుడిగా లాగాల్సి వచ్చింది.

మళ్లీ చేస్తే వరస మారుస్తాను. గబ్బిలం ఆఖర్న పెట్టడం పొరపాటు, సొంత గుమ్మం గురించి రాసిన తర్వాతే పిల్లలకి రాత మీద భయం పోయింది, అదేదో మూడో వారంలోనే అయితే డగ్లస్ దగ్గర నేను అంత తప్పు పని ఇచ్చి ఉండేదాన్ని కాదేమో. పాంపేకి నాలుగు వారాలు ఎక్కువ, మూడు చాలు. మిగిలిన వారం చదవడం కష్టమైన పిల్లలకి, మొదటి రోజు నుంచే. వచ్చే బ్యాచ్ కోసం ముక్తా సాల్వే పేజీని ఇంకా తేలిక చేసి పెద్ద అక్షరాల్లో మళ్లీ రాస్తున్నాను, ఆ మెట్ల బొమ్మ మాత్రం ఈసారి నేను గీయను, ఖాళీ మెట్లు ఇచ్చి వాళ్లనే నింపమంటాను.